అరలో కొత్త గ్లవ్

అమెరికాలోని అయోవాలో, పెద్ద లీగ్ జట్టుకి ఆటగాళ్లని తయారుచేసే ఒక మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టు డ్రెస్సింగ్ రూమ్. మధ్యాహ్నం ఆటకి ఇంకా మూడు గంటలుంది. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడి దూసుకొచ్చే బంతుల్ని ఆపే షార్ట్‌స్టాప్ కుర్రాడు తన అరలో కనిపించిన గ్లవ్ తెచ్చి కోచ్ బల్ల మీద పడేశాడు.

“ఇదెవరిది కోచ్? ఇంత పెద్దది దూరాన నిలబడే అవుట్‌ఫీల్డ్ వాళ్లకి కదా?”

“నీదే. ఇవాళ్టి నుంచి నువ్వు అవుట్‌ఫీల్డ్‌లో ఎడమవైపు, లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడతావు.”

“నిన్న 4-3తో గెలిచాం. నేను ఒక్క బంతి కూడా వదల్లేదు.”

“వదల్లేదురా. చూశాను.”

“పెద్ద జట్టు వాళ్లు చెప్పందే ఇక్కడ ఎవరి చోటూ మారదు. మరి నేను షార్ట్‌స్టాప్‌కి పనికిరానని వాళ్లకి చెప్పిందెవరు?”

“నేనే రిపోర్టులో రాశాను. నీ కాళ్లలో ఆ వేగం లేదు. బ్యాటింగ్ ఉంది కాబట్టి లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలదొక్కుకుంటావు.”

“ఎప్పుడు రాశారు?”

“ఏప్రిల్‌లో.”

“ఇప్పుడు ఆగస్టు! ఈ నాలుగు నెలలూ పొద్దున్నే నేను ఆపడానికి నేల మీద దొర్లే బంతులు కొట్టారే, రోజుకి రెండొందలు! ‘బాగుపడుతున్నావురా’ అన్నారు. మా అమ్మకి ఫోన్‌లో కూడా అదే చెప్పారు!”

“రోజూ నువ్వే వచ్చి అడిగేవాడివి. కాదనలేకపోయాను.”

“రేపు పొద్దున కూడా వస్తాను కోచ్. రేపైనా కాదనండి.”