పైలటు పేరు పెట్టి పిలిచిండు

"ఐదు పేర్లే గద బిడ్డా. యాభై చెప్త. ముందుగాల గీ ముచ్చట ఇను," అంటూ రాజలింగు కాకా బుచ్చవ్వ హోటల్ బల్ల మీద నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య ఖాళీ కాగితం ఉంది.

తార్నాక నుంచి యూనివర్సిటీలోకి మళ్లే రోడ్డు మీద, బ్యాంకు ముందరి జాగలో పదకొండేళ్లుగా స్కూటర్లు నిలబెడుతున్నది ఆయనే. ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు కాబట్టి ఎవరూ తీసెయ్యరనుకున్నాడు. సోమవారం నాడు కొత్త పార్కింగ్ కాంట్రాక్టరు వచ్చి బోర్డు పాతాడు. పాత మనిషిని ఉంచుకోవడానికి అతనికి అభ్యంతరం లేదట. కాకపోతే ఈ మనిషి మాకు తెలుసు, ఇన్నేళ్లూ ఇక్కడే చేస్తున్నాడు అని బండ్లు పెట్టేవాళ్లు ఐదుగురు రాసివ్వాలట. పేరు, అడ్రసు, సంతకం. రేపు పొద్దున పదింటిలోగా ఇవ్వకపోతే ఆ జాగలో వేరే మనుషులు నిలబడతారు. కాకాకు చదువు రాదు. హాస్టల్ నుంచి రోజూ టీకి వచ్చేదాన్ని గనక కాగితం నా దగ్గరికి వచ్చింది.

"మొదటి పేరు చెప్పు కాకా," అన్నాను పెన్ను మూత తీసి.

"చెప్త. తొంభై మూడుల క్యాంపస్‌ల ఎంట్రెన్స్ పరీక్ష పడ్డది. నలభై బండ్లు పట్టే జాగ నాది. ఆ పొద్దు అరవై పెట్టిన. ఉత్తగ పెట్టలే బిడ్డా, ఒకదాని హ్యాండిలు కిందికెళ్లి ఇంకోదాని హ్యాండిలు దూర్చి, జడ అల్లినట్టు అల్లిన."

"అరవై అంటే పెట్టొచ్చు," అన్నాడు ఆటో వెంకటస్వామి పక్క బల్ల మీంచి. "నేను గూడ ఆటోల పన్నెండు మందిని ఎక్కించిన."

"ఎనిమిదింటి దాకనే అరవై. తొమ్మిదింటికి నూటిరవై అయినయ్. దోమ దూరుదామంటే సందు లేదు, దోమలే సుట్టు తిరిగి హబ్సిగూడ మీదికెళ్లి పోయినయ్. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పరీక్ష ఇడిసిపెట్టిన్రు, నూటిరవై మంది ఒక్కసారే వచ్చి మీద పడ్డరు. నేనేం జేసిన, కండ్లు మూసుకున్న. ఎవలన్న కిక్కు కొడితే సప్పుడు ఇని, ఇది ఫలానా సారుది, ఇది ఫలానా మేడముది, అని అంటుంటి. ఒక్కటి తప్పలే."

"ఫలానా సారంటే ఎవరు కాకా? పేరు చెప్తే రాస్తా."

"వస్తున్న ఆగరాదు. గడబిడ జేస్తే మర్సిపోత." నా వంక చూడకుండా టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "గది జూసిండు డబుల్ డెక్కర్ డ్రైవరు. బస్సును రివర్స్ కొట్టరాక అర్ధగంట సంది సౌరస్తల ఇరుక్కపోయిండు. వెనక ఉప్పల్ దాక బండ్లే. కిటికీలకెళ్లి తల బయట పెట్టి, 'రాజలింగు భాయ్, జర ఆదుకో' అన్నడు. ఈల తీసి రెండు సీటీలు కొట్టిన. అంతే. రెండు చేతక్ స్కూటర్ల నడుమ బస్సును తెచ్చి నిలవెట్టిన. మీది అంతస్తుల కూసున్నోళ్లకు బస్సు ఆగిన సంగతే తెల్వలే."

"కిందోళ్లకు తెలిసిందా?" అంది బుచ్చవ్వ, పొయ్యి మీది గిన్నె దించకుండానే.

"కిందోళ్లు నిద్రపోతున్నరు అవ్వా. ఇగ ఆ ముచ్చట రైలోళ్ల దాక పోయింది. సీతాఫల్‌మండి కాడ గూడ్సు బండి ఆగిపోయిందట, పట్టాలు ఖాళీ లేవు, ఎక్కడ పెట్టాల్నో సమజ్ అయితలేదు. మనిషిని తోలిచ్చిన్రు. ఆ ఇంజను డ్రైవరు నన్ను జూసి కిందికి దిగి, 'రాజలింగు గారూ, మీదే భారం' అన్నడు. గారూ అన్నడు బిడ్డా. యాభై రెండు డబ్బాలు. జర లెఫ్టు కొట్టు, ఇంక జర, బస్. హ్యాండిల్ లాకు మాత్రం ఎయ్యకు, ఎవలన్న బయటికి తియ్యాల్నంటే నాకు తిప్పలైతది అని జెప్పిన."

నేను కూడా నవ్వేశాను. కాగితం మీద 'ఈ మనిషి మాకు తెలుసు' అని రాసి, దాని కింద 'సాక్షులు' అని పెట్టి, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాను. కాకా ఆ అంకెల్ని చూశాడు. చూసి ఇంకా గట్టిగా అందుకున్నాడు.

"గివన్ని ఇడిసిపెట్టున్రి. పోయిన డిసెంబరు. మంచు గట్లిట్ల లేదు, నా చెయ్యి నాకే కనిపిస్తలేదు. బేగంపేటల దిగాల్సిన విమానం మన నెత్తి మీద తిరుగుతున్నది, తిరుగుతున్నది. పైలటుకు కింద ఏం కనిపిస్తలేదు, ఒక్క నా సీటీ ఇనవడుతున్నది. ఇగ చూస్కో, నేను ముందట ఉరుకుతున్న, అది నా ఎన్క వస్తున్నది. ఆర్ట్స్ కాలేజీ ముందట రోడ్డు మీదికి దించిన. రెక్క చెట్లకు తాకేటట్టున్నది, ఆ రెక్క జర పైకి లేపు అన్న, లేపిండు. సైడ్ స్టాండ్ ఏపిచ్చిన. ఎండొస్తే సీటు కాలుతదని అట్టముక్క కప్పిన."

"విమానానికి సీటేందిరా?" అంది బుచ్చవ్వ.

"మూడు వందల సీట్లు అవ్వా. మూడు వందల అట్టముక్కలు కప్పిన."

బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పైలటు మెట్లు దిగి నా కాడికి నడుసుకుంట వచ్చిండు. టోపీ తీసిండు. నా భుజం మీద చెయ్యేసిండు." కాకా గొంతు ఇక్కడ తగ్గింది. మాతో చెబుతున్నట్టు లేదు. "'కొమురయ్య కొడుకు రాజలింగు గారూ, మీరు గీడ లేకపోతే మేమందరం ఏమైపోదుము' అన్నడు. నాయిన పేరు గూడ ఎరుకే ఆయనకు."

వెంకటస్వామి గ్లాసు కింద పెట్టాడు.

"విమానం దిగిందంటే ఒప్పుకుంటనే. రెక్క లేపిండంటే గూడ ఒప్పుకుంట. గని బండి పెట్టినోడు నిన్ను పేరు పెట్టి పిలిచిండంటే మాత్రం నమ్మ."

ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా తల తిప్పుకున్నాడు. కాకా కాగితాన్ని నావైపు జరిపాడు.

"రాసుకో బిడ్డా. ఏపీ టెన్ సి, నలభై నాలుగు పదిహేడు."

"అది బండి నంబరు కాకా."

"ఆ సారే. బూడిద రంగు చేతక్. సారుకు షుగరు, ఎండల నిలవడలేడు, గందుకే ఎప్పుడొచ్చినా బండి నీడల పెడుత. బిడ్డను అంబర్‌పేట్‌ల ఇచ్చిండు. పెండ్లాం చచ్చిపోయిన కాడికెళ్లి బండి తుడుసుకుంట లేడు. నేనే తుడుస్తున్న."

"పేరు?"

"ఎన్నడు అడగలే," అన్నాడు. "ఆయన గూడ అడగలే."

అదే సమయానికి ఆ మనిషి ఎదుటి బ్యాంకు మెట్లు దిగుతూ కనిపించాడు. సన్నగా, చేతిలో సంచీతో. "ఏ పార్కింగ్," అని పిలిచాడు. కాకా పరుగెత్తాడు. నాలుగు బండ్లు జరిపి చేతక్ బయటికి లాగాడు, సీటు తుడిచాడు, తుడిచి అక్కడే నిలబడ్డాడు.

"సార్, మీ పేరేంది సార్?"

ఆ మనిషి ఉలిక్కిపడ్డాడు. "పేరెందుకు? బండికేం జేసినవ్?" వంగి మడ్‌గార్డు తడిమాడు. అటువైపుకు వెళ్లి చూశాడు. డిక్కీ తెరిచి చూశాడు.

"ఏం కాలే సార్. ఉత్త పేరే."

"ఏం గానప్పుడు పేరెందుకు అడుగుతున్నవ్?"

నేను కాగితం పట్టుకుని వెళ్లి అంతా చెప్పాను. కాంట్రాక్టరు, రేపు పదింటి గడువు, ఒక్క సంతకం. హాస్టల్ మెస్ తిండి బాగాలేదని వందమంది ముందు అరిచిన గొంతుతోనే మర్యాదగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. చెడ్డ మనిషి కాదు. కాగితం తీసుకుని చదివాడు కూడా. తర్వాత కాకా ముఖం వంక చూశాడు, ఎక్కడో చూసిన మనిషిని గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"ఈయన ఎవరో నాకు తెల్వదమ్మా," అన్నాడు బాధగానే, కాగితం నాకు తిరిగిస్తూ. "తెల్వనోళ్లకు సంతకం ఎట్ల పెడుత చెప్పు."

నేను నోరు తెరిచాను. కాకా నా చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకున్నాడు. స్కూటరు వెనకచక్రం కింది రాయి కాలితో పక్కకు తోశాడు.

"జర సూసుకోని పో సార్, వెనక బస్సొస్తున్నది," అన్నాడు.

బండి వెళ్లిపోయింది. మేం వెనక్కొచ్చి కూర్చున్నాం. వెంకటస్వామి కాకా ముందు ఇంకో టీ పెట్టించాడు. దాన్ని ఆయన ముట్టుకోలేదు.

"రెండోది రాసుకో బిడ్డా," అన్నాడు. "ఏపీ నైన్ డి, యాభై ఎనిమిది సున్నా మూడు. తెల్లది. మేడముది."

నేను రాసుకున్నాను.