రక్తంలో కనబడలేదు

చెల్లెలు ఆసుపత్రికి సంచి సర్దుకుంటోంది. ఆమె మడతపెట్టిన తువ్వాళ్ళనే అక్క మళ్ళీ మడతపెడుతోంది.

“రక్తపరీక్ష బాగుందన్నారుగా, మళ్ళీ ఎందుకే?”

“అది బాగున్నంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదట అక్కా. కడుపులో గడ్డ నుంచి ముక్క తీసి చూడాలట.”

“మరి అంత రక్తం ఎందుకు లాగారు? దోమ నయం, పాట పాడి మరీ తాగుతుంది!”

“నవ్వించకు, నొప్పి.”

“నీకేం లేదని వీధంతా చెప్పొచ్చానే.”

“చెబితే చెప్పావులే.”

“నేనూ వస్తా.”

“ఆ మోకాళ్ళతోనా? నన్నొదిలేసి నిన్ను పడుకోబెడతారు. రెండ్రోజుల్లో వచ్చేస్తాగా.”

“వెళ్ళకపోతేనో?”

“వెళ్ళకపోతే గడ్డ ఊరుకుంటుందా అక్కా?”

అక్క తువ్వాళ్ళు తీసి సంచిలో పెట్టింది.

ముక్క పరీక్షలో క్యాన్సరేనని తేలింది. చెల్లెలు ఇంటికి తిరిగి రాలేదు. ఆ నెలాఖరున ఆసుపత్రిలోనే పోయింది.