చూసిందే గీయాలి

బడి హాలు గోడల నిండా పిల్లలు గీసిన సముద్రాలు. మొదటి బహుమతి బొమ్మ దగ్గర ఇద్దరు నిలబడ్డారు: వేటకెళ్ళిన పడవ ఎనిమిది రోజులైనా తిరిగిరాని ఇంటి ఇల్లాలు, ఈ పిల్లల పండగ నడిపే డ్రాయింగు టీచరమ్మ.

"ముట్టుకోకమ్మా, రంగు చెదురుతుంది."

"ముట్టుకోను మేడమ్. ఈ తెడ్డు... తెడ్డు నిలబెట్టి గుడ్డ కట్టారు, చూడండి."

"జెండా అది. పిల్లది సరదాకి గీసింది."

"జెండా కాదు. పడవకి ఆపదొస్తే మావాళ్ళు అలా కడతారు. ఆ గుడ్డ నా పాత చీర. ఆకుపచ్చ మీద పసుపు గళ్ళు. క్యారేజీ చుట్టి నేనే ఇచ్చాను."

"అలాంటి చీరలు బజారు నిండా ఉంటాయి. గీసిన పిల్ల పైఊరి నుంచి బస్సులో వచ్చింది. సముద్రం చూడ్డమే మొదటిసారి. ఆపదొస్తే తెడ్డుకి గుడ్డ కడతారని దానికేం తెలుసు?"

"తెలీకుండా గీసిందంటే చూసే గీసిందిగా మేడమ్! కింద రాసుంది, బుధవారం, పదకొండు గంటలని. మావాళ్ళు వెళ్ళింది ఆ ముందురోజే, మంగళవారం."

"ఎంతమంది?"

"ముగ్గురు. మా ఆయన, మా మరిది, నా తమ్ముడు."

"మరి? ఇందులో ఒక్కరైనా ఉన్నారా? ఖాళీ పడవ. ఎంత ప్రశాంతంగా ఉందోనని ఆ ఖాళీకే బహుమతిచ్చాం."

"ఖాళీదైనా సరే. వెతికేవాళ్ళు ఉత్తరం వైపు తిరుగుతున్నారు. ఈ సాయంత్రంతో ఆపేస్తారట. పడవ ఇక్కడ, మన ఒడ్డుకెదురుగా కనబడిందని మీరొక్క మాట చెబితే..."

"నేనెలా చెప్పను? నేను చూడందే!"

"పిల్లలెవరూ మీతో అనలేదా?"

"ఒడ్డున కూర్చుని గీసే రెండు గంటలూ నోరు మెదపకూడదని రూలు. సముద్రాన్ని వినాలని. మాట్లాడితే మార్కులు కోత."

"మా పేట పిల్లలుండుంటే అరిచి గోల చేసేవాళ్ళు."

"అందుకే వాళ్ళని లోపల మట్టి చేపలు చేయమన్నాం. వాళ్ళకి రోజూ ఉండే సముద్రమేగా."

"ఫోన్ చేయండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"లే, లే! అతిథులొచ్చే వేళ ఇదేంటి? రేపు పేపర్లో ఏమని రాస్తారు? పడవ మునుగుతుంటే మేం బొమ్మలేయించామనా? సరే, గీసిన పిల్లనే అడుగుదాం. ఏయ్, రెండు జడలూ! ఇలా రా. ఈ పడవ నీ ఊహే కదూ?"

"కాదు టీచర్. మీరు చూసిందే గీయాలన్నారుగా. చూశాను."

"సరే, చూశావు. ఖాళీ పడవేగా? ఈవిడకి చెప్పు."

"మళ్ళీ మార్కులు కోస్తారా టీచర్?"

"భయపడకు తల్లీ, మేడమ్ ఏమీ అనరు. పడవ మీద ఈ మూడు మరకలేంటి?"

"రబ్బరు పెట్టి రుద్దింది. దానికి అర మార్కు తగ్గించాం కూడా."

"మీరుండండి మేడమ్. చెప్పమ్మా, తప్పుగా గీసి చెరిపావా?"

"తప్పుగా గీయలేదు. ముందు ముగ్గురున్నారు. కనబడనిది బొమ్మలో ఉండకూడదన్నారు టీచర్. అందుకే ఒక్కొక్కళ్ళూ నీళ్ళలోకి పోతుంటే, ఒక్కొక్కళ్ళనే చెరిపేశాను."