ఏసురత్నం కుడికాలు

లాతూరులో నేల కదిలి నాలుగు రోజులైంది. ఆదివారం ఆరాధన ముగిసి, లాలాగూడ చర్చి గోడ పక్కన చాయ్ బండి దగ్గర జనం మూగారు. మధ్యలో ఏసురత్నం. ఆయన నోరు తెరిచాడంటే చాయ్ చల్లారిపోవాల్సిందే. భూకంపాల ఆఫీసులో అటెండరు. నేల కంపాల్ని గీతలుగా గీసే మిషన్ ఒకటుంది, పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున దానికి కొత్త కాగితం చుట్టేది ఆయనే. మామూలు రోజుల్లో ఆయన కోతలకి నవ్వేసి లేచిపోయేవాళ్ళు, ఇవాళ మాత్రం ఇంకాస్త దగ్గరికి జరిగారు.

అందరికంటే దగ్గరగా జరిగింది బిక్షం, రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. వచ్చే శుక్రవారం సికింద్రాబాద్ మొత్తం కూలుతుందని ఏ పుణ్యాత్ముడో పుకారు లేపాడు. అది చెవిన పడ్డప్పటి నుంచి అతని భార్య పుష్పమ్మ గడప లోపల కాలు పెట్టలేదు. కోడలినీ మూడు నెలల మనవరాలినీ కూడా లాక్కొచ్చి, వాకిట్లో పట్టా కింద సంసారం పెట్టింది. నిన్నటి వానకి పట్టా కారింది, పసిదానికి దగ్గు పట్టుకుంది. బిక్షం బతిమాలాడు, కసిరాడు, అలిగి అన్నం మానేశాడు. "ఆ ఆఫీసు అన్న చెప్తే వింట" అంది చివరికి. ఇప్పుడు పిల్లని భుజాన వేసుకుని, ఏ గోడా మీద పడకుండా నడిరోడ్డు మీద నిలబడి వింటోంది.

"చెప్పన్నా, శుక్రవారం వస్తదా, రాదా?" అన్నాడు బిక్షం.

"ఆగరా జెర. మొదట్నుంచి చెప్తేనే కదా సమజైతది. నేను కొత్తగ జాయినైన. పొద్దుగాల కాగితం చుడుతున్న, సూది సక్కగ గీత గీస్తున్నది. ఒక్కసారి గజగజ వణికింది, సలిజ్వరమొచ్చినోని చెయ్యి లెక్క. ఆఫీసర్లు ఇంక రాలే. సార్ రాంగనే 'మహారాష్ట్ర, కొయ్నా దిక్కు సార్' అన్న. ఆయన స్కేలు పెట్టి, లెక్కలేసి, లంచ్ టైముకు 'కొయ్నానే' అన్నడు."

"గింతవరకు నమ్మొచ్చు" అన్నాడు వడ్రంగి బ్రహ్మచారి.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? నాకు మిషనే అక్కర్లేకుంటైంది! నేల మీద చెవి పెడితే చాలు. హిమాలయాలది గరగర అంటది, జపాన్‌ది కీచుమంటది, దేని గొంతు దానిదే. జపానోళ్ళు ఫోన్ చేసి 'ఏసురత్నం గారూ, ఇప్పుడు మాకు వచ్చింది భూకంపమేనా?' అని నన్ను అడుగుతుండిరి."

"ఏ భాషల అడుగుతుండిరన్నా?" అన్నారెవరో.

"తక్లీఫ్‌ల ఉన్నోనికి భాషతోని పనేందిరా? అది గాదు, ఆ తర్వాత ఏమైందో వినున్రి. ఒక పెద్దది, సీదా మన మీదికే షురూ అయింది. కాజీపేట దాటింది, ఘట్‌కేసర్ దాటింది, మౌలాలి కాడ సిగ్నల్ సుత చూడలే. నేను లాలాగూడ గేటు కాడ బండ మీద నిలవడ్డ. 'ఏందీ, మా బస్తీకే వస్తవా?' అని కుడికాలెత్తి దాని నెత్తి మీద ఒక్కటేసిన! వర్క్‌షాప్‌ల ఇంజన్ చక్రాలు ఉన్నకాడనే మూడు చుట్లు తిరిగినై. అది వాపస్ మళ్ళి, బెజవాడ మీదికెళ్ళి బందరు పోయి సముద్రంల పడ్డది. ఆ పూట చేపలు ఉడికే ఒడ్డుకొచ్చినై. ఉప్పు సుత వేసుకోనక్కర్లే."

బండి చుట్టూ నవ్వులే నవ్వులు. బిక్షం మాత్రం నవ్వలేదు. అతనికి కావలసింది ఒక్క మాట. "మరి శుక్రవారం?"

"శుక్రవారం లీవు పెట్టిన. గేటు కాడనే ఉంట. చెల్లే, పుష్పమ్మా! నువ్వు బేఫికర్‌గ లోపలికి పో. ఈ కాలు ఉన్నన్ని దినాలు సికింద్రాబాద్‌కు పరేషాన్ లేదు."

పుష్పమ్మ ఇంటి వైపు ఒక అడుగు వేసింది. బిక్షం ప్రాణం లేచొచ్చింది.

"ఆ కాలు సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు" అన్న గొంతు చర్చి గేటు దగ్గర వినిపించింది.

కాంతమణి. అదే ఆఫీసులో ఆ గీతలు కొలిచి లెక్కలు రాసే ఆవిడ. పుష్పమ్మ వేసిన అడుగు అక్కడే ఆగిపోయింది.

"ఏసురత్నం గారూ, మాది బందరేనండి. మా అమ్మ ఎప్పుడూ చేపలు పచ్చివే కొనేది" అని ఆవిడ జనం వైపు తిరిగింది. "ఈయన చేరిన కొత్తలో కాగితం మీద రోజూ ఒక చిన్న కంపం పడేది. సరిగ్గా తొమ్మిదింబావుకి, సరిగ్గా మా కిందే. పెద్ద సార్లు ముగ్గురు తలలు పట్టుకున్నారు. నేల లోపల కొత్త పగులుందని వ్యాసం రాయడానికి కూడా సిద్ధమయ్యారు. నేను మూడు నెలల కాగితాలూ పరిచి చూశాను. ఏ ఆదివారమూ కంపం లేదు. గుడ్ ఫ్రైడే నాడూ లేదు. భూకంపానికి సెలవులేంటని మర్నాడు మిషన్ గదిలో కాపు కాశాను. అక్కడ చెప్పులు విప్పి మెల్లగా నడవాలండి. ఈయనేమో మోండా మార్కెట్లో కొన్న మేకుల బూట్లతో, మెట్లు దిగడానికి బద్ధకించి, పైమెట్టు నుంచి ఒక్క దూకు! కుడికాలే ముందు."

బ్రహ్మచారి చాయ్ పొరబోయి బండి పట్టుకున్నాడు.

"అయితే అమ్మా," పుష్పమ్మ అడిగింది, "శుక్రవారం?"

కాంతమణి నవ్వు మానేసి దగ్గరికి వచ్చింది. "ఫలానా రోజు వస్తుందని ఏ మిషనూ చెప్పదమ్మా, చెప్పినవాడికి ఏమీ తెలీదు. ఎప్పటికీ రాదని నేనూ అనలేను. ఎక్కడ నేల ఎలాంటిదో, ఇదివరకు ఎన్నిసార్లు కదిలిందో చూసి, ఎక్కడ భయం ఎక్కువో లెక్క కడతాం, అంతే. మన కింద గట్టి బండ, ఇక్కడ భయం తక్కువ. పగిలిన గోడ ఉంటే బాగు చేయించుకోండి. కానీ దగ్గుతున్న పసిదాన్ని తడి పట్టా కింద ఉంచితే ఏమవుతుందో, అది మాత్రం నేను ఇప్పుడే చెప్పగలను."

పుష్పమ్మ పసిదాని నుదురు తడిమి చూసింది. కొంగు తీసి దాని నెత్తి మీద కప్పింది. "ఏం చూస్తున్నవ్? వచ్చి పట్టా విప్పు" అని మొగుణ్ణి కసిరి, చర్చి గోడని ఆనుకునే చరచరా నడిచిపోయింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన ఆ కసురు బిక్షంకి పాయసంలా అనిపించింది. పరుగెత్తబోతూ ఏసురత్నం వైపు తిరిగి చూశాడు, పాపం మొహం ఎక్కడ పెట్టుకున్నాడోనని.

ఏసురత్నం తల వంచుకుని లేడు. చాయ్ గ్లాసెత్తి పట్టుకుని, ఛాతీ విరిచి నిలబడి ఉన్నాడు.

"విన్నరు కదా! ముగ్గురు పెద్ద సార్లు, చదువుకున్నోళ్ళు, మూడు నెలలు నన్ను భూకంపమనుకున్నరు. మీల ఒక్కన్నన్న ఎవలన్న గట్ల అనుకున్నరారా?"