డ్రాగన్ గుమ్మంలో బూట్లు

కొరియాలోని జొంజు నగరంలో ఒక కంప్యూటర్ గేముల హాలు. మధ్యాహ్నం పూట పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు స్నేహితులు, ముందు పొగలు కక్కే నూడుల్స్ గిన్నెలు. ఆటలోని మంచుగుహ డ్రాగన్ చేతిలో మూడు నెలలుగా చస్తూనే ఉన్న పెద్దవాడు, చిన్నవాడు చెప్పింది వినగానే కుర్చీ అతనివైపు తిప్పాడు.

"చంపేశావా? నువ్వా?"

"నిన్ననే అన్నా. తోడు ఒకావిడ దొరికింది."

"తోడుంటే ఎవడైనా చంపుతాడు. వెనక నిలబడి దెబ్బలకి మందులేసే రకమా?"

"మందులా! కత్తి పట్టిందంటే పూనకమే. కానీ వింత మనిషి. గుహలోకి అడుగుపెట్టే ముందు బూట్లు విప్పి, వాటి ముందు కొసలు బయటికి తిప్పి గుమ్మంలో పెట్టింది."

పెద్దవాడు నూడుల్స్ తినే పుల్లలు గిన్నె మీద పెట్టేశాడు. సరిగ్గా అలా చేసినందుకే ఒకప్పుడు ఇదే ఆటలో తన భార్యను నానా మాటలూ అన్నాడు. తలనొప్పి వస్తోందని ఆమె ఆట మానేసి ఏడాదైంది. మానేశాననే చెప్పింది.

"ఆ మంచులో ఒట్టికాళ్ళతోనా? ప్రాణం తగ్గిపోదూ?"

"సగం పోయింది. ఒకరింట్లోకి బూట్లతో వెళ్తామా అంటుంది. డ్రాగన్ ఇల్లట!"

"ఇంతకుముందు ఎవరితో ఆడేదట?"

"ఎవడో మహానుభావుడట. వెనకాలే ఉండి మందులెయ్యి అనేవాడట, ఒక్క దెబ్బా కొట్టనిచ్చేవాడు కాదట."

"చివరి దెబ్బ ఎవరిది?"

"ఆవిడదే. నేను డాలు పట్టుకుని నిలబడ్డానంతే. అబ్బ, హెడ్‌ఫోన్లో ఎంత నవ్విందన్నా!"

"నవ్వు కూడా విన్నావా?"

"అదేంటన్నా, పోలీసులా అడుగుతున్నావు? నూడుల్స్ ఉబ్బిపోతున్నాయి, తిను."

"మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?"

"రేపే."

"రేపు నీకు వేరే పనుంది. ఆ డాలు ఇలా ఇవ్వు."