పదికి రెండు మార్కులు

హలో… ఆ, నేనే మళ్ల. మిర్యాలగూడ నుంచి పుష్పావతిని. జమున టీచర్‌ను పిలుస్తనన్నరు గద అన్నా… వస్తున్నదా? సరే, లైన్ల ఉంట.

…లేదన్నా, చావు కబురు కాదు. లెక్క సంగతి… ఆ, లెక్కే. లెక్క కోసమే ఎస్టీడీ చేసిన.

…

జమునా? నేను పుష్పను.

…ఏ పుష్పనా? ఎంతమంది పుష్పలతోని చదివినవే ఎమ్మెస్సీ?

…ఆ. ఆ పుష్పనే. ఎర్రపెన్ను పుష్ప.

పెట్టెయ్యకు. జర ఆగు… ఆ చప్పుడా? మా రైసుమిల్లు. నా మాటకంటె అదే నయం, వినబడుతది.

…ఎనిమిదేండ్లు, తెలుసు… తొమ్మిదా? చూసినవా, లెక్కలు నాకు ఎప్పుడూ రాలే.

నీ బాగోగులు అడుగుదామనే చేసిన అని చెప్పాలె. అబద్ధం ఎందుకు, పని పడి చేసిన.

…పీహెచ్‌డీనా? ఇంక కాలే. మా చిన్నది కడుపుల ఉన్నప్పుడు పేరు నమోదు చేయించుకున్న. అది ఆరో తరగతికి వచ్చింది. నేను ఐదో చాప్టర్ దగ్గరనే ఉన్న.

రేపు మధ్యాహ్నం లోపల హైదరాబాద్ పోయి థీసిస్ ఇయ్యాలె. ఇచ్చిన గడువులన్నీ అయిపోయినయ్. రేపు ఇయ్యకుంటే ఖతం, పదకొండేండ్లు ఖతం. టైపు శాంతాబాయి మిషన్ ముందట కూసొని ఉన్నది. రెండు పేజీలు తక్కువున్నయ్… ఆ రెండు పేజీలు నీ దగ్గర ఉన్నయ్.

…అదే లెక్క. గిన్నెల గోళీ. నాలుగో ఘాతం కలిపిందే… ఆ. మొన్న మా అత్త అడిగింది, ఏం చేస్తవే రోజూ గంటలు గంటలు అని. గోళీ ఊగుతుంటే దానికి ఎంత శక్తి ఉంటదో చూస్తున్న అత్తమ్మా అన్న. ముందు ఒక ఉజ్జాయింపు వేస్త, దానికి ఒక సవరణ, ఆ సవరణకు ఇంకో సవరణ. "ఉప్పు చూసుకుంట వేసినట్టా?" అన్నది. అవునన్న.

…ఎన్ని సవరణలు వేసిన్నా? అది అడగకు.

…పన్నెండు.

…విన్నవు గద. పన్నెండే. చేత్తోని. నాలుగేండ్లు పట్టింది. కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంట ఎనిమిదోది చేసిన, అందుల తప్పు పోయి మళ్ల చేసిన.

…మూడోదాని దగ్గర ఆగాలెనని నాకు ఇప్పుడు తెలిసింది. మూడో సవరణ దాక చిన్నగైతుంటయ్, నాలుగో దాని నుంచి పెద్దగైతయ్. నేనేమో ఎంత ఎక్కువ కలిపితే అంత సరిగ్గ వస్తదనుకున్న. పప్పుల ఉప్పు చిటికెడు చిటికెడు వేసేదాన్ని, లెక్కల డబ్బా ఒంపిన.

…జవాబు సున్నా పాయింట్ ఐదుకు జరంత ఎక్కువ రావాలె. మైనస్ ఇరవై ఒకటి వచ్చింది.

…నవ్వు. నువ్వు నవ్వితే నాకు ధైర్యం అయితది. మా ఆయన ఏమన్నడో తెలుసా, వడ్లు పోస్తే బియ్యం రాకపోగా పక్కనున్న బస్తాలు గూడ మాయమైనట్టుంది అన్నడు.

గప్పుడు యాదికొచ్చింది నీ జాబు.

…జమునా? ఉన్నవా?

ఎనభైమూడుల రాసినవ్. పెద్దగయ్యే ఆ సవరణ పదాలను పారెయ్యకు పుష్పా అన్నవ్. గిన్నె అంచు కిందికి వంగితే గోళీ మెల్లగ అంచు దాటి పోతది, ఆ సంగతి మన సవరణలల్ల ఎక్కడా కనబడదు. కని అవి పెరిగే తీరుల దాని జాడ ఉంటది, పక్కపక్క వాటిని భాగించి, దాన్ని మళ్ల పదం నంబరుతోని భాగిస్తే మూడు దిక్కు పోవాలె, చూడు అన్నవ్. చివరి పేజీల ఎట్ల చూడాల్నో గూడ రాసినవ్.

…నువ్వు చెప్పకు. ఏం చేసిన్నో నేనే చెప్త. ఆ వారం ఇంటర్ పేపర్లు దిద్దుతున్న. కట్టల నడుమ నీ జాబు. చేతిల ఎర్రపెన్ను… దిద్దిన. దోస్తు రాసిన జాబును దిద్దిన. కామాలు గూడ పెట్టిన. చివరి పేజీ మీద అడ్డంగ గీత కొట్టి "అప్రస్తుతం" అని రాసిన. కింద పదికి రెండు మార్కులు, సంతకం, తారీఖు. మళ్ల నీకే పోస్టు చేసిన. అంటించేటప్పుడన్న బుద్ధి రాలే.

…ఆ రెండు దేనికంటే… చేతిరాతకు.

…ఏంది?

…నువ్వు గూడ ఆ ఏడే పీహెచ్‌డీ ఫారం నింపుదామనుకున్నవా?

…

అందుకేనా నింపలే?

…కాదంటున్నవ్. కని నీ గొంతు అట్ల అంటలేదు.

…

తిట్టు జమునా. నేనొక తలకాయ లేని దాన్ని, కళ్లకు గంతలు కట్టుకొని…

…ఏమన్నవ్?

…అవును. నన్ను నేనే తిట్టుకుంటే నీకు తిట్టే సందు ఏడుంటది. నిజమే. నవ్విచ్చి తప్పించుకుంటున్న.

సరే. నవ్వులాట లేదు ఇగ. నువ్వు రాసింది నాకు అర్థం కాలే. అర్థం కాలేదని ఒప్పుకోబుద్ధి కాలే. అందుకే గీత కొట్టిన. గంతే.

…

…లేదు, ఇంకేం చెప్పను.

…నిన్న చేసి చూసిన. పన్నెండో సవరణ గుణకాన్ని పదకొండోదానితోని భాగిస్తే ముప్పై ఐదు. దాన్ని మళ్ల పన్నెండుతోని భాగించిన. మూడు రావాలె గద, గోళీ అంచు దాటే లెక్కల ఉన్న ఆ మూడు… రాలే. రెండు పాయింట్ తొమ్మిది. ఆరోదైతే మూడుకు అంటుకున్నట్టే ఉండె, పన్నెండుకు వచ్చేసరికి వెనక్కి జరిగింది.

…ఏదో తీసెయ్యాలె అని రాసినవ్ నువ్వు. ఏం తియ్యాల్నో నా గీత కిందనే ఉండిపోయింది. ఆ కాయితం ఉన్నదా?

…ఉన్నదా. పెట్టె తీసే పని గూడ లేదా? నోటికొచ్చా?

ఆగు. చెప్పక ముందు ఒకటి విను. ఐదో చాప్టర్ మొదటి లైన్ల నీ పేరు, నీ జాబు తారీఖు ఉంటయ్.

…కృతజ్ఞతల పేజీల కాదు. ఆడ మా ఆయన, మా అత్త, శాంతాబాయి ఉన్నరు. నువ్వు లెక్కల ఉండాలె. బయటి దేశాలల్ల పెద్దోళ్లు ముందే కనుక్కున్నరేమో, మన లైబ్రరీకి ఆ పత్రికలు రాలే. నాకైతే నువ్వే చెప్పినవ్.

…మా గైడ్ సార్ వద్దన్నడు. సొంతం కాదని నువ్వే రాసుకుంటే ఆ చాప్టర్ లెక్కల పట్టరు, డిగ్రీ ఆగుతదేమో అన్నడు. ఆగనీ. నాలుగు చాప్టర్లే చూడమను. ఎక్కువ కలిపితే ఏమైతదో చూసిన గద.

…సరేనా? సరే.

ఆగు, పెన్ను… ఉన్నది. ఎర్రదే దొరికింది. నవ్వకు.

…చెప్పు. పదం నంబరుల నుంచి… సగం తియ్యాలె. పన్నెండైతే పదకొండున్నర. గంతేనా? ఆగు, క్యాలిక్యులేటర్… ముప్పై ఐదును పదకొండున్నరతోని… మూడు పాయింట్ సున్నా నాలుగు.

…

ఆరోదానికి చూస్త. ఐదున్నర… మూడుంపావు. మూడుంపావు నుంచి దిగుతున్నది. మూడుకే దిగుతున్నది జమునా.

…లేదు. ఏడుస్తలేను. మిల్లు దుమ్ము.

…ఆ సగం ఏడికెళ్లి వచ్చింది మరి?

…చెప్పవా? ఎందుకు?

…ఫారమా? ఎవరికి… నీకా?

…తెస్త. నేను థీసిస్ ఇచ్చే కిటికీలనే ఇస్తరు. రేపే తెస్త. మీ కోదాడకు నేనే వచ్చి నీ చేతుల పెడ్త.

…మంచిది. సగం సంగతి నీ థీసిస్‌కే దాచుకో. అది లేకున్నా నాకు రెండు పేజీలు నిండుతయ్.

…నాకా, మార్కులా? వెయ్యి. నీ ఇష్టం. ఎర్రపెన్ను నా చేతిలనే ఉన్నది, నువ్వు చెప్తే నేనే వేసుకుంట.

…రెండు.

…దేనికి? ఫోన్ చేసినందుకు ఒకటి… ఎర్రపెన్నుతోని రాసుకున్నందుకు ఒకటి. సరే, రాసిన. సంతకం?

…నేనే పెట్టుకోవాల్నా… జమునా, ఈ రెండు పదికేనా? వందకా?

హలో…

హలో?