సరస్వతి ఆకు, చిటికెడు పంచదార

ఇలా దగ్గరికి జరగండి నాయనా, తల్లులూ, చెప్పేది సుభాషిణి గారి ముచ్చట. 1974 జూలై పదిహేను, సోమవారం నాడు ఆమె మన ఢిల్లీ పరిశోధనాలయంలో చేరారు. సరోజినీ నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చినా, వచ్చాక ఒక్కచోట కాలు నిలిపేవారు కాదు.

తొంభైల చివర ఒక ప్రశ్న ఆమెను పట్టుకుంది. మనసు కుంగడానికి మెదడులోని వాపు కూడా కారణమేమో, ఆకుల సారం ఆ వాపును తగ్గించగలదేమో అని. 2003లో ఎలుకల మీద పరీక్ష పెట్టారు. వాపు కలిగించిన ఎలుక ముడుచుకుపోయి, ఇష్టమైన తీపినీటినీ ముట్టదు. సగం వాటికి సరస్వతి ఆకు సారం, సగం వాటికి వట్టి నీరు పట్టించారు. ఆకు తాగినవి తీపినీటికి ఎగబడ్డాయి. పరిశోధన పత్రం సిద్ధమైంది, దాని బలం మీదే సోమవారం పదోన్నతి ఇంటర్వ్యూ.

ఆ ముందు శుక్రవారం సుభాషిణి గారు లడ్డూలు పంచుతుంటే, ఎలుకల గది చూసే నాగేంద్రమ్మ మురిసిపోయింది.

"తాగవూ మరి! చేదుమందు తాగిన బిడ్డ నాలుక మీద చిటికెడు పంచదార వెయ్యొద్దూ? రోజూ నేనే వేశా."

"అరే భగవాన్!" అంది పరిశోధక విద్యార్థిని వైశాలి. "అమ్మమ్మా, ఆకు తాగినవాటికేనా?"

"వట్టినీళ్లు తాగినవాటికెందుకే? వాటికేం చేదు?"

సుభాషిణి గారు చేతిలో లడ్డూ కింద పెట్టేశారు. తీపి మరిగిన ఎలుక తీపినీరు తాగితే, ఆ గొప్ప ఆకుదని ఎలా రాయడం?

"ఛోడియే మేడమ్, వదిలేయండి," అన్నారు విభాగాధిపతి గోవిందరాజులు గారు. "ఈ గది దాటి ఎవరికి తెలుస్తుంది?"

"దిగులుతో మంచం దిగని మనిషెవరో దీన్ని నమ్మి, వేసుకుంటున్న మందు మానేస్తే సార్?"

మధ్యాహ్నమంతా వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నారు. నాగేంద్రమ్మ కళ్లనీళ్లతో అడ్డుపడింది.

"నా నౌకరీ పోయినట్టేనా అమ్మా?"

"ఎందుకు చేస్తున్నామో మీకు చెప్పనిది నేనండీ. ఏడుపాపి బోనులు కడగండి, మళ్లీ మొదలెడదాం."

సోమవారం ఇంటర్వ్యూలో పత్రం లేదని తామే చెప్పారు. పదోన్నతి వేరొకరికి పోయింది. ఏ బోనులో ఏ మందో ఎలుకలను చూసేవారికి తెలియకుండా, ఎనిమిది నెలలు పరీక్ష మళ్లీ నడిపారు. ఆకు పనిచేసింది, మొదట అనుకున్నదానిలో సగమే. సగమేనని రాశారు. పదోన్నతి మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఈ 2008లో పదవీ విరమణ చేస్తున్న ఆ తల్లికి భగవంతుడు చెక్కుచెదరని ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ల ఆయుష్షునూ ప్రసాదించుగాక. మీరు మాత్రం ఈ ముచ్చట గుర్తుంచుకుని, రేపు కొత్తగా చేరే పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు నాగేంద్రమ్మ తప్పును దాచకండి. అది దాస్తే, సుభాషిణి గారు వదులుకున్నదేమిటో వాళ్లకు తెలియదు.